శ్రమల వారంలో బేస్‌బాల్

ఉల్లిపాయలు నూనెలో దోరగా వేగి, అంచులు నల్లబడి, ఇంకొక్క నిమిషం ఉంటే మాడిపోతాయనగా వచ్చే వాసన ఎవరికైనా ఆకలి పుట్టిస్తుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే అరచేతులు చల్లబడతాయి, ఎవరో నన్ను ఏదో అడగబోతున్నట్టూ నేను అబద్ధం చెప్పాల్సి వస్తున్నట్టూ ఓ భయం పట్టుకుంటుంది. మొన్న శాంటా క్లారాలో మా అపార్ట్‌మెంట్‌లో కోడికూరకని ఉల్లిపాయలు స్టవ్ మీద వేసి, ఫోన్‌లో ఆఫీసు గొడవేదో చూసుకుంటూ వాటి సంగతి మరిచిపోయాను. వాసన వచ్చేసరికి నాకు పదేళ్ళు. డిట్రాయిట్‌లో బేస్‌బాల్ స్టేడియంలో, చలిలో, ఒళ్ళో హాట్‌డాగ్ పెట్టుకుని తినకుండా కూర్చుని ఉన్నాను. స్టవ్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచినా ఆ రోజు మాత్రం గదిలోంచి పోలేదు.

అప్పుడు మేము మిషిగన్‌లోని ట్రాయ్‌లో, పదహారో మైలు రోడ్డుకి దగ్గరగా, ఇటుక గోడల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. నాన్న కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. కారు సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద ఇనప పట్టాలుంటాయి కదా, వాటిని డిజైన్ చేయడం ఆయన పని. ఎవరి కారెక్కినా ముందు వంగి సీటు కింద చెయ్యి పెట్టి తడిమి చూసేవాడు, అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. రెండువేల తొమ్మిది వసంతంలో ట్రాయ్‌లో పెద్దవాళ్ళు ఎవరింట్లో కలిసినా గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పుట్టినరోజు పార్టీల్లో పిల్లలం కేకు చుట్టూ మూగితే, అంకుల్స్ గరాజ్‌లో చేతులు కట్టుకుని నిలబడి లేఆఫ్, హెచ్-వన్, ట్రాన్స్‌ఫర్ అనే మూడు మాటల్నే తిప్పి తిప్పి చెప్పుకునేవారు. ఉద్యోగం పోతే వీసా పోతుందనీ, వీసా పోతే నా స్కూలూ, నా మంచమూ, నా లైబ్రరీ కార్డూ అన్నీ వదిలి వెళ్ళిపోవాలనీ నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పార్టీల్లో ప్లేట్లు పట్టుకుని తిరుగుతూ విని తెలుసుకున్నాను.

నాకు బేస్‌బాల్ పిచ్చి. ఆ పిచ్చి ఎలా పట్టిందంటే, రెండో క్లాసులో ఇంగ్లీష్ సరిగ్గా రాక, లంచ్ బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చునే రోజుల్లో, పక్క బల్ల పిల్లలు రోజూ గట్టిగట్టిగా కొట్లాడుకునేది దీని గురించే. లైబ్రరీలో పేపర్ తెరిచి, స్కోర్ల పేజీలో చీమల్లాంటి అంకెల్ని వేలుపెట్టి చదవడం నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి ఎవరు ఎన్ని కొట్టారో నన్నే అడిగేవారు. ఇక అప్పట్నుంచి మిషిగన్‌లో చలికాలం ఎప్పుడు అయిపోతుందంటే, నా లెక్కలో, రేడియోలో మొదటి ఆట వినపడ్డప్పుడు. ఏప్రిల్ వచ్చినా పార్కింగ్ లాట్ మూలల్లో మసిపట్టిన మంచు కుప్పలు అలాగే ఉండేవి, చెట్లు మోడుల్లాగే ఉండేవి, చెప్పులు వేసుకుని బయటికెళ్తే అమ్మ అరిచేది. రేడియోలో మాత్రం బంతి బ్యాట్‌కి తగిలిన టక్కుమనే చప్పుడూ, జనం కేకా వినపడేవి.

ఆ ఏడాది ఆటలు మొదలైన వారమే శ్రమల వారం వచ్చింది. ఈస్టర్‌కి ముందు వారాన్ని మా ఇళ్ళల్లో అలాగే అంటారు. మా అమ్మది భీమవరం దగ్గర, నాన్నది నరసాపురం దగ్గర. రెండువైపులా తాతల కాలం నుంచి చర్చి మనుషులు. ఈస్టర్ ముందు నలభై రోజులూ అమ్మ కాఫీ మానేసేది, తలనొప్పితో కణతలకి అమృతాంజనం రాసుకుని తిరిగేది, ఆ నలభై రోజులూ ఆవిడ జోలికి వెళ్ళడానికి నాన్నా నేనూ ఇద్దరం జంకేవాళ్ళం. మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఓ అమెరికన్ చర్చి బేస్‌మెంట్ హాలు అద్దెకి తీసుకుని, మడత కుర్చీలు వేసుకుని, ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన చేసుకునేవాళ్ళం. పెద్దవాళ్ళ పాటలు సాగుతుంటే పిల్లలం వెనకనుంచి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం జారుకుని, పార్కింగ్‌లో టెన్నిస్ బాల్‌తో ఆడేవాళ్ళం, సగం క్రికెట్, సగం బేస్‌బాల్, రూల్స్ ఎవరు పెద్దగా అరిస్తే వాళ్ళవి. మధ్యలో ఎవరో ఒక ఆంటీ వచ్చి అందర్నీ లోపలికి తోలేది. ఆరాధన అయ్యాక పులిహోర, అరటికాయ బజ్జీలు, స్టీలు గిన్నెలో చల్లారిపోయిన సేమియా పాయసం ఉండేవి.

గుడ్ ఫ్రైడే నాడు మాత్రం భోజనాల ఊసే ఉండదు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, ఆడవాళ్ళు తెల్ల చీరలు, మగవాళ్ళు తెల్ల చొక్కాలు వేసుకుని, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ఒక్కొక్కరుగా లేచి మాట్లాడతారు. ఏ మాట ఎవరికన్నది అంతకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు పాస్టర్ అంకుల్ ప్రకటించేవారు. మూడేళ్ళు ఎదురుచూశాక, ఆ ఏడాది ఐదో మాట, దాహం గురించి చెప్పిన మాట, నాన్నకి వచ్చింది. ఆ రాత్రే నాన్న కొత్త లాంగ్ నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో మార్జిన్ గీసుకున్నాడు.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, షూ కూడా విప్పకుండా, రెండు టికెట్లు డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. మా ఊరి జట్టు నాలుగు ఆటలు కెనడాలో ఆడి, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి సొంత గడ్డ మీద మొదటి ఆట ఆడుతుంది. డిట్రాయిట్‌లో ఆ రోజు ఊరు ఊరంతా పని మానేసి తిరనాళ్ళకి పోయినట్టు స్టేడియానికి పోతుంది. ఆ టికెట్లు నాన్న మేనేజర్ డేల్ ఇచ్చాడు, పాపని కూడా తీసుకురమ్మన్నాడు.

నేను కుర్చీ ఎక్కి ఎగిరాను. అమ్మ టికెట్ తీసి తేదీ చూసింది.

"శుక్రవారం అని తెలిసే ఒప్పుకున్నారా?"

"తెలిసే ఒప్పుకున్నా," అన్నాడు నాన్న. "మా టీమ్‌లో ఆరుగురిలో ఇద్దర్ని తీసేస్తున్నారు. ఎవర్నన్నది డేల్ చేతిలో ఉంది. ఆయన అంత ఇదిగా పిలిస్తే, నాకు చర్చి ఉంది, రానని ఎలా చెప్పమంటావ్?"

"అయితే వెళ్ళండి," అని అమ్మ వంటింట్లోకి పోయింది. అమ్మ వెళ్ళండి అన్నదంటే వెళ్ళొద్దని, అది నాన్నకీ తెలుసు.

మా నాన్న చదువుకున్న రోజుల్లో ఎంట్రన్స్ పరీక్షలకి ఎలా చదివాడో నాకు తెలియదు గానీ, ఆ వారం చూశాను. డేల్‌కి ఆటంటే ప్రాణమట, ఆఫీసులో ఆయన గోడ నిండా పాత టికెట్లే అంటించి ఉంటాయట. మూడు గంటలు పక్కన కూర్చుని ఏమీ తెలియని మొహం వేస్తే పని జరగదని నాన్న తేల్చుకున్నాడు. నన్ను టీచర్‌గా పెట్టుకున్నాడు. లాంగ్ నోట్‌బుక్ తిరగేసి వెనక అట్ట వైపు నుంచి బేస్‌బాల్ మొదలుపెట్టాడు. ముందు నుంచి ఐదో మాట, వెనకనుంచి బేస్‌బాల్, రెండూ మధ్యలో కలుసుకోవడానికి ఓ ముప్ఫై తెల్ల పేజీలు మిగిలాయి. శ్రమల వారంలో ఇంట్లో ఆటల గోలేంటని అమ్మ టీవీ పెట్టనివ్వలేదు, అందుకని అన్నం తిన్నాక నాన్నా నేనూ కోట్లు తొడుక్కుని కిందికి వెళ్ళి, మా పాత కారులో కూర్చుని, రేడియో పెట్టుకునేవాళ్ళం. అద్దాలకి మా ఊపిరి ఆవిరి పట్టేది. నాన్న కారు పైకప్పుకుండే డోమ్ లైటు కింద రాసుకునేవాడు.

"బ్యాట్ అక్కడే పడేసి పరిగెడతాడేంటమ్మా? తీసుకెళ్ళొద్దూ?"

"డాడీ, నో! అది క్రికెట్. బ్యాట్ వదిలేసి రన్ చేయాలి."

"మరి ఇప్పుడు అవుటేనా?"

"కాదు డాడీ. ఫౌల్. మళ్ళీ కొట్టొచ్చు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

అలా విసుక్కునేదాన్ని. పదేళ్ళ పిల్ల విసుక్కుంటుంటే ఆ మనిషి తలొంచుకుని రాసుకునేవాడు, అది తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. కానీ నేను ఆడుకోవడం లేదు, నాకు నిజంగా భయం వేసేది. నాన్న ఒక్క తప్పు చెప్తే డేల్ ఆయన పేరు రాసేస్తాడని, ఆ పేరుతో పాటు మా అందరి పేర్లూ రాసేసినట్టేనని నమ్మాను. ముఖ్యమైన ప్రశ్నల పక్కన నక్షత్రాలు పెట్టించాను. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే బాత్రూమ్ తలుపు బయట నిలబడి ప్రశ్నలు అడిగాను. నాన్న కూడా తక్కువ తినలేదు. మైదానం బొమ్మ స్కేలు ప్రకారం గీశాడు. తేలిగ్గా గాల్లోకి లేచిన బంతిని కావాలని వదిలేసి ఇద్దర్ని అవుట్ చేయకుండా ఓ రూలు ఉంటుంది. మామూలు అభిమానులకే సగం మందికి అర్థం కాదు, దాన్ని నాన్న రెండు పేజీలు రాసి కంఠతా పట్టాడు. చివరికి ఓ పేజీలో, ఏ ఇన్నింగ్స్‌లో ఏ మాట అనాలో కూడా రాసుకున్నాడు. ఆ వారం మా జట్టు రెండు ఓడింది, ఒకటి గెలిచింది, నాలుగోది మళ్ళీ ఓడింది. ఒక్కో ఓటమికీ డేల్ మూడ్ పాడైపోయి ఉంటుందని నాన్నా నేనూ దిగాలుపడేవాళ్ళం.

గురువారం సాయంత్రం అమ్మ నా తెల్ల గౌను ఇస్త్రీ చేస్తూ, నా వంక చూడకుండా అడిగింది.

"రేపు నాతో వస్తావా, డాడీతో వెళ్తావా?"

"నేను లేకపోతే డాడీకి ఏదీ గుర్తుండదమ్మా," అన్నాను. అది సగమే నిజం. నాకు ఆట చూడాలని ఉంది. అమ్మ గౌనుని హ్యాంగర్‌కి తగిలించి బీరువాలో పెట్టేసింది. నాన్న తన ఐదో మాట కాగితాలు నోట్‌బుక్‌లోంచి జాగ్రత్తగా చింపి, మడిచి, పిన్ను గుచ్చి అమ్మకిచ్చాడు. ఆఫీసులో తప్పని పని పడిందని పాస్టర్ అంకుల్‌కి చెప్పమన్నాడు, ఎవరిచేతైనా చదివించమన్నాడు.

శుక్రవారం ఎండ కాసింది గానీ గాలి కోసేస్తోంది. స్టేడియం బయట పొద్దుటి నుంచే జనం. ట్రక్కుల వెనక పొయ్యిలు పెట్టుకుని సాసేజీలు కాలుస్తున్నారు, ఉల్లిపాయలు వేయిస్తున్నారు, ముసలాళ్ళు కార్ల కంపెనీల పాత జాకెట్లు వేసుకుని తిరుగుతున్నారు. వాళ్ళలో ఎందరికి ఇంకా ఆ ఉద్యోగాలున్నాయో తెలియదు. ఇంత జనం ఇంత గట్టిగా నవ్వడం నేను ఆ ఏడాది ఇంకెక్కడా చూడలేదు. నాన్న కోటు కింద తెల్ల చొక్కాయే వేసుకున్నాడు. డేల్ భారీ మనిషి, అరవై దాటి ఉంటాయి, నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి టోపీ ఒకటి బహుమతిగా పెట్టాడు. మా ఇద్దరికీ ఉల్లిపాయలు దట్టించిన హాట్‌డాగులు తెచ్చి చేతుల్లో పెట్టాడు.

"థాంక్యూ డేల్. వి జస్ట్ ఏట్," అన్నాడు నాన్న.

మేము ముందురోజు రాత్రి అన్నం తిన్నాక ఇంకేమీ తినలేదు. పిల్లలకి ఉపవాసం తప్పనిసరి కాదు, నేను తిని ఉండేదాన్నే, కానీ ఇద్దరం తిన్నామని నాన్న చెప్పేశాక ఇంకేం తింటాను. వేడి వేడి ఉల్లిపాయల వాసన మొహానికి కొడుతుంటే పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. కాసేపటికి డేల్ వంక చూస్తే ఆయనా ఏమీ తినడం లేదు. మాకిద్దరికే తెచ్చాడు, తనకి తెచ్చుకోలేదు. కాఫీ కప్పు కూడా చేతులు వెచ్చగా ఉండటానికి పట్టుకున్నాడంతే.

మొదటి ఇన్నింగ్స్ నుంచే నాన్న మొదలుపెట్టాడు. బంతి విసిరే పిచర్ గురించి ఓ మాట, గాలి ఎటు వీస్తోందో ఓ మాట, కంఠతా పట్టిన ఆ రూలు కూడా సందర్భం లేకుండా మూడో ఇన్నింగ్స్‌లోనే చెప్పేశాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. నేను పక్కనుంచి లోలోపల మార్కులు వేస్తున్నాను. డేల్ మాత్రం అవునవునని తలూపడం తప్ప ఒక్క ప్రశ్నా అడగలేదు. మావాళ్ళు ఎడాపెడా కొడుతున్నారు, చుట్టూ జనం లేచి గంతులేస్తున్నారు, ఆయన మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. నాన్న చెప్పాల్సినవన్నీ అయిపోయి, చెప్పడానికి ఏమీ లేక మొహం పాలిపోవడం నేను చూశాను.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి నిలబడి, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని పాడతారు, అది అక్కడి ఆచారం. అందరితో పాటు నేనూ లేచాను. అటు తిరిగి చూస్తే డేల్ లేవలేదు. టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, తల దించుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఇటు చూస్తే నాన్న తన వాచీ వంక చూస్తున్నాడు. మూడు గంటలైంది. ప్రభువు ప్రాణం విడిచిన వేళ. నాన్న కూడా తల దించుకున్నాడు. అన్ని వేలమంది ఊగుతూ పాడుతుంటే ఇద్దరూ అలా వంగి కూర్చున్నారు, వాళ్ళ మధ్యలో నేనొక్కదాన్నే నిలబడి, పాడాలో కూర్చోవాలో తెలియక బిక్కమొహం వేశాను.

పాట అయ్యాక డేల్ నాన్న మొహంలోకి చూసి, నువ్వు క్రిస్టియన్‌వా అని అడిగాడు. ప్రసాద్ అనే పేరు చూసి ఆయన ఇన్నాళ్ళూ హిందువనుకున్నాడట. మా తాత, ముత్తాత కూడా అని నాన్న చెప్పాడు. డేల్ నవ్వాడు గానీ అది నవ్వులా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏటా ఈ సీట్లు ఆయనకి కంపెనీ ఇస్తోందట. గుడ్ ఫ్రైడే నాడు ఆటేంటని భార్య రానన్నదట, చర్చి స్నేహితులు రానన్నారట. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఈ మూడు గంటలూ ఇంట్లో గొంతు ఎత్తనిచ్చేది కాదట. ఆయనకీ రావాలని లేదు. కానీ ఇది ఆఖరిసారి. సోమవారం పొద్దున ఆయన్నే పిలిచి తీసేస్తున్నామని చెప్పారు, వచ్చే శుక్రవారంతో ఆఖరు. ఒక్కడే కూర్చోలేక, ఈ రోజుతో పట్టింపు ఉండని మనిషి ఎవరా అని వెతికి నాన్నని పిలిచాడు.

"అయాం సారీ, ప్రసాద్," అన్నాడు. "యూ షుడ్ హావ్ సెడ్ నో."

తీసేసేవాళ్ళ లిస్ట్ గురించి నాన్నే అడిగాడు. అది పైవాళ్ళు చేస్తున్నారని, అందులో ఎవరున్నారో తనకి చూపించను కూడా చూపించలేదని డేల్ చెప్పాడు.

మా జట్టు బ్రహ్మాండంగా గెలిచింది. జనం హారన్లు కొట్టుకుంటూ వెళ్ళిపోతున్నా, నాన్న కారులో కూర్చుని తాళం తిప్పలేదు.

"డాడీ, నువ్వు అన్నీ కరెక్ట్‌గా చెప్పావు," అన్నాను, ధైర్యం చెప్తున్నాననుకుని.

"చెప్పానమ్మా. పరీక్ష పెట్టేవాడే ఫెయిలైపోయాడు," అన్నాడు నాన్న. తాళం తిప్పుతూ, "మీ అమ్మకి అప్పుడే ఏం చెప్పకు," అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ తెల్ల చీరలోనే పెసరపప్పు పులగం, చింతకాయ పచ్చడి చేసి ఉంచింది. ముగ్గురం ఆకలి మీద గబగబా తిన్నాం, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఈస్టర్ నాడు చర్చికి వెళ్తే, మెట్ల దగ్గరే ఆంటీలు అమ్మని చుట్టుముట్టి చేతులు పట్టుకున్నారు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. శుక్రవారం నాన్న కాగితాలు చదవడానికి పాస్టర్ అంకుల్ ఎవర్నో లేవమంటుంటే, అమ్మే లేచి ముందుకెళ్ళి ఐదో మాట మీద మాట్లాడిందట. అమ్మ అంతకుముందు ఎన్నడూ నలుగురిలో నిలబడి మాట్లాడి ఎరగదు, ప్రార్థన చేయమన్నా పక్కావిడ వంక చూసేది. ఆ తర్వాత కూడా ఎన్నడూ మాట్లాడలేదు.

"ఏం చెప్పావ్?" అని కారులో నాన్న అడిగాడు.

"మీరు రాసిందే చదివాలెండి," అంది అమ్మ.

కాగితాలు చూడకుండానే మాట్లాడిందని ఆంటీలు అప్పటికే చెప్పారు. తర్వాత ఓ రోజు పెన్సిల్ కోసం వెతుకుతుంటే, అమ్మ చర్చికి తీసుకెళ్ళే హ్యాండ్‌బ్యాగులో ఆ కాగితాలు పిన్ను తీయకుండా అలాగే ఉన్నాయి.

మూడు వారాల తర్వాత నాన్న ఉద్యోగం పోయింది. హెచ్-వన్ మార్చుకోవడానికి దొరికిన ఒకే ఒక్క కంపెనీ జార్జియాలో ఉంది. సగం సామాను చర్చివాళ్ళకిచ్చేసి అక్కడి కమ్మింగ్ అనే ఊరికి వచ్చేశాం. గ్రీన్ కార్డు లైన్లో మళ్ళీ మొదట్నుంచి నిలబడ్డాం. సీటు పట్టాల పని నాన్నకి మళ్ళీ దొరకలేదు, ఏవో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ప్రాజెక్టులతో నెట్టుకొచ్చాడు, కార్లెక్కితే సీటు కింద తడమడం మానేశాడు. డేల్ నుంచి ఒక్క క్రిస్మస్‌కి కార్డొచ్చింది, తర్వాత రాలేదు. తర్వాతి రెండేళ్ళలో ట్రాయ్ సంఘంలో ఒక్కో కుటుంబం ఒక్కో రాష్ట్రానికి వెళ్ళిపోయి, మిగిలిన నాలుగిళ్ళవాళ్ళు హాలు అద్దె కట్టలేక వేరే సంఘంలో కలిసిపోయారట. చేతులు పట్టుకున్న ఆంటీల పేర్లు కూడా నాకు పూర్తిగా గుర్తులేవు. ఆ తర్వాత నేను ఒక్క సీజన్ కూడా పూర్తిగా వినలేదు. కానీ ఆ వారం ఐదు ఆటల్లో ఎవరెప్పుడు కొట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మొన్న ఉల్లిపాయలు పారేసి, గిన్నె నానబెట్టి, కమ్మింగ్‌లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళలో అడగని మాట అడిగాను.

"అమ్మా, గుడ్ ఫ్రైడే నాడు ట్రాయ్ చర్చిలో నువ్వేం మాట్లాడావు?"

అవతల కుళాయి చప్పుడు ఆగిపోయింది.

"ఏం గుర్తు? నోటితో ఏదో చెప్తానే ఉన్నా, లోపల మాత్రం మీ డాడీ ఉద్యోగం ఉంచు తండ్రీ, ఉంచు తండ్రీ అని ఒకటే అడుగుతున్నా. అడిగింది దొరకలేదు, చెప్పింది గుర్తులేదు."

నేను సారీ చెప్పబోయాను.

"నువ్వన్నా ఎదురుగా కూర్చునుంటే నిన్ను చూస్తా చెప్పేదాన్నే," అంది అమ్మ. "అప్పుడు గుర్తుండేదేమో."